పక్క

మలకొండయ్యకు కుట్టిన పరుపు
నా చేతి మీదుగా పోయిన వాటిల్లో మేలైంది.
ఆరు కిలోల బూరుగుదూది, గింజ తగలకుండా ఏరి,
మిషనుకు వెయ్యకుండా మా నాయన విల్లుతోనే ఏకి,
నీలం చారల గుడ్డలో నింపి
కందుకూరు నుంచి వాళ్ళ పల్లెకి నేనే తోలుకుపోయాను.
డబ్బులొద్దన్నాను.
చీమకుర్తి క్వారీలో బండ జారి
నడుము కిందంతా చచ్చుబడినోడికి
దూదేకులోడు ఇంకేమివ్వగలడు?

పదకొండో రోజు అంకమ్మ ఫోన్ చేసింది.
"నాగూరూ, ఒకసారి రా."

పక్కకు ఒత్తిగిల్లజేసి చూపించింది.
తోక ఎముక మీద రూపాయి బిళ్ళంత ఎరుపు.
వేలితో నొక్కింది. తెల్లబడలా.
"తెల్లబడి మళ్ళీ ఎర్రబడితే నెత్తురు తిరుగుతున్నట్టంట.
ఇట్టా ఉంటే లోపల కండ అలిసిపోయినట్టంట.
నర్సమ్మ చెప్పింది."

నా పరుపు మీద చెయ్యి వేశాను.
చెమటకీ బరువుకీ దూది ఉండకట్టింది.
నడిమిన గుంత. గుంత అడుగున పట్టె.
ఎంతమందికో సుఖంగా నిద్రపట్టిన పరుపే,
నిద్రలో పొర్లేవాళ్ళకి.
పొర్లుతామని మనకే తెలియదు,
ఒళ్ళే తన బరువు తాను మార్చుకుంటది
నీళ్ళబిందె ఈ చంక నుంచి ఆ చంకకు మార్చుకున్నట్టు.
మలకొండయ్య బిందె ఒక్క చంకనే ఉండిపోయింది.

ఒంగోలు నుంచి అద్దెకు గాలిపరుపు వచ్చింది.
వరసగా గొట్టాలు, మంచంకోడు కాడ బుడ్డ మోటారు.
ఒక వరస ఉబ్బితే ఇంకో వరస తగ్గుతది.
మూడు తరాల విల్లున్న ఇంటోణ్ణి,
దాని ముందు కాసేపు నోరెత్తలా.

అయినా దానికీ చెయ్యి కావాల.
దుప్పటి ఒకటే పొర, బిర్రుగా లాగి కట్టగూడదు,
అట్టని ముడత పడగూడదు.
మెతుకో, చొక్కా గుండీయో కిందపడితే
ఆయనకు తెలియదు, తోలుకు తెలుస్తది.
తడిసిన గుడ్డ తడిసినప్పుడే తియ్యాల, అర్ధరాత్రైనా సరే.
ఈడ్చగూడదు, ఎత్తి జరపాల.
ఎర్రబడ్డ చోట నూనె పోసి రుద్దమని
వచ్చిన చుట్టాలందరూ చెప్పారు. అంకమ్మ వినలా.
రెండు గంటలకొకసారి ఎడమ, వెల్లకిల, కుడి.
గోడమీద బొగ్గుగీతలు, పాలలెక్క మాదిరి.

మంచమూ పక్కే, వైపూ పక్కే,
ఒకరి దగ్గర ఒకరుండేదీ పక్కే.
ముప్పై ఏళ్ళు పరుపులు కుట్టినోణ్ణి,
ఈ ఇంట్లో ఆ మాట మొదటిసారి వింటున్నట్టుంది.

రోహిణికార్తెలో ఒక రాత్రి కరెంటు పోయింది.
ఫోను మోగేసరికి ఒంటిగంట.
నేను పొయ్యేటప్పటికి గొట్టాలు నిట్టూరుస్తూ
ఒక్కొక్కటే అణిగిపోతున్నయ్.
లాంతరు వెలుగులో ఆమె భుజాల కింద, నేను తొడల కింద,
ఒక్క ఊపున ఎత్తి తిప్పాం.
"ముప్పై టన్నుల బండను పొర్లించినోణ్ణిరా,"
మలకొండయ్య నవ్వాడు,
"దానికి క్రేను. నాకు మీరిద్దరా?"
మేం నవ్వలేకపోయాం. ఆయాసం.

వాపసు తెచ్చుకున్న పరుపును ముందు వారమే విప్పాను.
ఎండేసి, మళ్ళీ ఏకి, చిన్నదిండ్లు కుట్టాను.
వీపుకు వాలుగా ఒకటి, మోకాళ్ళ మధ్య ఒకటి,
పిక్కల కింద పొడుగుది,
మడమలు గాల్లో ఉండేటట్టు.
ఆ రాత్రి అవే కాపు కాసినయ్.
గంటకోసారి తిప్పుతూ కూచున్నాం.
మధ్యలో ఆమె గోడకు ఆనుకుని కునికింది,
నేను లేపలా. ఆయనే లేపాడు:
"అంకీ, నా టైమయింది."

తెల్లారి మోటారు గుర్రుమంది.
కిటికీ తెరిచి, వెలుగులో
ఆ చోటునే మళ్ళీ వేలుపెట్టి నొక్కింది.
తెల్లబడింది.
వేలు తీస్తే నిదానంగా రంగొచ్చింది.
ముగ్గురం ఏమీ మాట్లాడలా.

టీ ఇచ్చి, దిండ్లకెంత అంది.
వద్దనబోయి ఆగాను.
"కుట్టుకూలి నూటిరవై" అన్నా.
చీరకొంగు ముడి విప్పి లెక్కబెట్టి ఇచ్చింది.
తీసుకున్నా.