అడ్డు తగిలిన చోట

పుంతా అరేనాస్‌లో గాలి రోజుల్లో
కూడళ్ల దగ్గర తాళ్లు కడతారు,
మనుషులు పట్టుకుని దాటడానికి.
ఆ రాత్రి తాడు పట్టుకునే డ్యూటీకొచ్చాను.
వేళ్లు వెచ్చబడేదాకా రుద్దుకున్నాను,
మూడుసార్లు కడుక్కున్నాను.

ఏడో పెట్టెలో యాస్నా కూతురు.
ఇరవై నాలుగు వారాలకే తొందరపడింది.
ఆరువందల నలభై గ్రాములు.
మా అమ్మ రొట్టెకి కలిపే పిండి ముద్ద అంతకంటే బరువు.
ఇంకా పేరు లేదు. తండ్రి ద్రాగో
జలసంధిలో పీతల పడవ మీదున్నాడు,
అతనొచ్చాకే పేరు.

ముక్కు కొన నుంచి చెవి తమ్మె దాకా,
తమ్మె నుంచి రొమ్ము ఎముక కిందికి
గొట్టాన్ని కొలిచి గుర్తు పెట్టాను.
పంతొమ్మిదేళ్లుగా చేస్తున్న పని,
కళ్లు మూసుకునైనా చేస్తానని
కొత్త నర్సుల ముందు గొప్పలు పోయిన పని.

నోట్లోంచి దించాను.
ఒకచోట అడ్డు తగిలింది.

ఎలా చెప్పను ఆ అడ్డు...
పాల మీది మీగడకి చెంచా తగిలితే
ఎంత అడ్డో, అంత.
అవతల ఇంకో పెట్టె గంట కొడుతోంది.
నేను ఆగలేదు.
మీగడ తప్పుకుంది.

కాగితం మీద రాశాను:
"గొట్టం వేశాను. ఇబ్బంది లేదు."

తెల్లారేసరికి పాప పెదవి చివర
గులాబీ రంగు నురుగు.
గొట్టం తీసి డాక్టర్ ఉర్రూతియా ఇంకోటి వేయబోతే
సగంలో ఆగిపోయింది.
"అన్నవాహిక పుట్టుకతోనే మూసుకుపోయినట్టుంది.
శాంతియాగో పంపాలి, కోయాలి."
విమానం కోసం ఫోన్లు. గాలి తగ్గితేగాని
ఏదీ లేవదని అటునుంచి జవాబు.
ఆ గాలికి నేనింకా బాకీ ఉన్నాను.

అందరూ పుట్టుక లోపం గురించే మాట్లాడుతున్నారు.
"మూసుకుపోలేదు డాక్టర్," అన్నాను,
"నేను పొడిచాను."
కాసేపు గదిలో యంత్రాలొక్కటే ఊపిరి తీశాయి.
రాత్రి తీసిన ఫిల్మ్‌ని మళ్లీ వెలుగుకి పట్టారు:
సన్నటి తెల్ల గీత, దారి వదిలి, కుడివైపుకి.

కోత తప్పింది.
నోటికేమీ వద్దు, తిండీ మందూ నరంలోంచే.
మిగిలింది కనిపెట్టుకుని ఉండటం.
అంత చిన్న ఒళ్లు తన చిల్లుని తనే కుట్టుకుంటుందట,
సూదీ దారం ఎవరూ ఇవ్వకుండానే.

యాస్నాకి నేనే చెప్పాను.
ఏడవలేదు. తిట్టలేదు.
అప్పుడే పిండిన పాలసీసాకి మూత బిగించి
అడిగింది: "ఎంత బలంగా?"

నా దగ్గర మాటల్లేవు.
కొత్త గొట్టం పొట్లం చింపి
ఆమె అరచేతిలో కొన ఆనించి
ఆ రాత్రి నొక్కినంతే నొక్కాను.
ఆమె చేతివంకే చూస్తూ
"ఊఁ, నొక్కు" అంది.
"నొక్కాను" అన్నాను.

అప్పుడు ఏడ్చింది.

తొమ్మిది రోజులు ఏడో పెట్టె దగ్గరికి నన్ను రానివ్వలేదు.
తప్పు పట్టను.
ఫ్రీజర్లో ఆమె పేరుతో పేరుకునే సీసాలు లెక్కపెట్టేదాన్ని,
నలభై ఒకటి, నలభై ఆరు, ఒకరోజు రెండే.
ద్రాగో వచ్చాడు, ఉప్పుకి పగిలిన వేళ్లతో.
కూతుర్ని ముట్టుకోవడానికి భయపడి
పెట్టె అంచుని నిమిరాడు.
నెవెంకా అని పేరు పెట్టారు.

పదో రోజు రంగుమందు చుక్క
ఎక్కడా కారకుండా, తిన్నగా కడుపులోకి దిగడం
తెర మీద చూశాం.
యాస్నా నావైపు తలెత్తింది. నవ్వలేదు.
గడ్డకట్టిన సీసా ఒకటి కరగబెట్టమని నా చేతికిచ్చి
"గొట్టం మాత్రం ఇంకెవరైనా వేస్తారు" అంది.

నిన్న రాత్రి మూడో పెట్టెలో మగపిల్లాడు.
గొంతులో ఎక్కడో అదే మీగడ.
అవతల గంట కొడుతూనే ఉంది.
రాశాను: "అడ్డు తగిలింది. ఆగాను.
ఇంకొకరిని పిలిచాను."
పొద్దున్న ఇంటికెళ్తుంటే అరచెయ్యి మండింది.
గాలి ఎప్పుడో తగ్గింది.
నేనే తాడుని వదలకుండా
అంత గట్టిగా పట్టుకుని నడుస్తున్నాను.