ధ్రువీకరణ ఆధారం: కోడి

హైదరాబాదు ఆఫీసు పంపిన కాగితంల
పదకొండు గడులున్నయి.
శాంతిని కొలవాలె, మూడు నెలలకొకసారి.
సమావేశాలెన్ని, వచ్చినోళ్ళెందరు,
అండ్ల ఆడోళ్ళెందరు.
చాయ్ బిల్లు జతపరచాలె.

కల్వకుర్తి బస్సు దిగి
కంకర తేలిన తొవ్వల నాలుగు కిలోమీటర్లు.
గుండ్లపెంట.
బొందలగడ్డ బాటకు కంచె పడ్డ ఏడు
ఇక్కడ ఒక పాడె ఆగింది.
మోసినోళ్ళల్ల ఒకడు, పెంటమ్మ మరిది అంజిలయ్య,
దించిన పాడె పక్కనే పడ్డడు.
మల్ల లేవలే.
ఐదేండ్లాయె. కంచె పీకేసిండ్రు.
కడీల గుంతలు అట్లనే ఉన్నయి.

"గొడవలు" అనే గడిల మొదటి సంది సున్నా.
సున్నా కొడితే గడి దానంతటదే ఆకుపచ్చగైతది.
మా సారు దాన్ని తెర మీద ఏసి చూపిస్తడు.
పాలమూరుల అంత పచ్చగ
నేనెన్నడూ ఏదీ చూడలే.

నేను చూసిన సున్నా వేరే.
రేషన్ దుకాణం కాడ రెండు వరుసలు,
నడుమ ఎద్దుల బండి పట్టేంత జాగ.
గిర్నీల అటోళ్ళ జొన్నలు పొద్దుగాల,
ఇటోళ్ళయి మాపటికి.
పోరగాళ్ళ బంతి ఆ గుంతలు దాటితే
ఎవడూ పోయి తేడు,
పైసలు జమజేసి ఇంకోటి కొంటరు.

ఇంకొక సూచిక కావాలె, ఈ ఊరిదే, అన్న.
పెంటమ్మ చాట చెరుగుడు ఆపలే.
"మా కోడి అటు వాడకు పోతది.
మాపటికి గంప కిందికి వచ్చిందనుకో, రాసుకో.
రాలేదనుకో, అదీ రాసుకో."

రాసిన.
ధ్రువీకరణ ఆధారమేంది, అని ఆఫీసు అడిగింది.
కోడి, అని రాసి పంపిన.
దానికి జవాబు రాలే.

మల్ల మూడు నెలలకు పోతే
గంప గోడకు ఆనించి ఉన్నది.
నా పెన్ను కదలలే.
"ఎన్నడు?"
"మొన్నటి అయితారం. జంగారెడ్డి ఇంట్ల దావత్.
ఈకెలు వాకిట్లనే పడ్డయి, మా దానియే, ఎర్రయి."
"ఏం జేసినవు?"
"పోయిన.
గడప ముందల నిలబడి తిట్టిన,
వాళ్ళ తాతను, ముత్తాతను, ఇంకా పుట్టనోళ్ళను.
ఆయన పెండ్లాం బయటికొచ్చి నన్ను తిట్టింది.
నోరెండి దూపయితే నీళ్ళిచ్చింది.
తాగిన. మల్ల తిట్టిన."

"ఇన్నేండ్లు ఎందుకు తిట్టలే?"
చాటల రాయి ఏరి పారేసింది.
"తిడితే ఇంకో పాడె లేస్తదని."

గొడవలు: ఒకటి.
కొట్టంగనే గడి ఎర్రగయింది.
సారు ఫోను జేస్తడు, రేపో ఎల్లుండో.
బస్సు వెనక సీట్ల ఎగిరెగిరి పడుకుంట
ఆ నీళ్ళు ఏ గడిల పోయాల్నో వెతుకుతున్న.

చెంబు చేతికిచ్చిందా,
ఎత్తి దోసిట్ల పోసిందా,
అడుగుడు మరిచిన.