చెప్పులు విప్పే చోటు

కట్టలు కట్టి అమ్మే పుదీనా కాదిది.
నిలబడి చూస్తే కనిపించదు.
బండకి పట్టిన పచ్చటి చెమట అనుకుంటారు
కొత్తగా వచ్చినవాళ్లు.
మోకాళ్ల మీదికి వంగితే అప్పుడు
పెసరగింజంత ఆకు,
దాని చంకలో ఆవగింజకి చాలని ఊదారంగు పువ్వు.

మా కోర్సికా కొండల్లో
ఏటి తడి తగిలి ఎండ తగలని చోట
రాతి పగుళ్ల వెంట పాకుతుంది.
జూన్‌లో మందని పైకి తోలుకెళ్లేటప్పుడు
చెస్ట్‌నట్ చెట్లు అయిపోయి పైన్ చెట్లు మొదలయ్యే మలుపులో
ముందు మేకలే చెప్తాయి.
గిట్టలు పడతాయి,
గాలి ఒక్కసారిగా చల్లబడుతుంది
ముక్కులోంచి నుదుటిదాకా.
"రేవు వచ్చింది" అనేవాడు నాన్న, తల ఎత్తకుండానే.

మా అక్క ఓర్సులాకి వాసన పోయింది.
జ్వరం తగ్గింది, ముక్కు తిరిగి రాలేదు.
జున్ను పులిసిందో లేదో నన్నడుగుతుంది,
పాలు మాడితే పొగ చూసి పరిగెత్తుతుంది.
రేవు దగ్గర మాత్రం చెప్పులు విప్పి
ఆ పచ్చ మీద వట్టికాళ్లతో నిలబడి
"వచ్చిందా?" అంటుంది.
"వచ్చింది" అంటాను.
అంతే. ఏరు దాటుతాం.

నిరుడు చినుకు లేదు.
ఏరు విప్పి పారబోసిన గులకరాళ్ల మూట.
బండ మీద పచ్చ లేదు,
తుప్పురంగు పొట్టు ఉంది,
గిట్టల కింద చిటచిటమంది.
అక్క చెప్పులు విప్పింది.
"వచ్చిందా?"
"వచ్చింది."
చాలాసేపు పలకలేదు.
"సవేరియూ, నాకు పోయింది ముక్కురా.
అరికాళ్లు కాదు."

ఆ వేసవంతా
వాసనల ఊసు ఎత్తలేదు మేమిద్దరం.
జున్ను తనే నాలుక మీద వేసుకుని చూసుకుంది.
రెండుసార్లు పొరబడింది, రెండుసార్లూ
ఆ పులుపునే రొట్టెలో పెట్టుకు తింది,
నావైపు చూడకుండా.

పైన రెండు వానలు పడ్డాక
అక్టోబరులో దిగుతున్నాం.
నల్లమేక కుంటుతుంటే ముల్లు తీద్దామని
రేవు బండ మీద కూర్చున్నాను.
చలికి చస్తుంది, ఎండకి చస్తుంది,
గింజ మాత్రం మొండిది అనేవాడు నాన్న.
పగులులో, సూదిమొనతో పెట్టిన చుక్కల్లా,
నాలుగో ఐదో ఆకులు.
నేనేం అనలేదు.
మేకని అవతలికి తిప్పాను, అటు తొక్కకుండా.

వెనక అక్క వస్తోంది
చెప్పులు అప్పటికే చేతిలో పట్టుకుని,
ఒక్కొక్క అడుగే రాతిని అడుగుతూ,
నన్నేమీ అడగకుండా.