పెడల్ ముట్టుకోకండి

హాన్‌కాక్ వంతెన ఎక్కుతుండగా ఆగిపోయిందంది.
ఆగిపోలేదులే, అని వెంటనే తనే దిద్దుకుంది.
"నేను తొక్కుతూనే ఉన్నాను,
అది మాత్రం విననట్టు ఊరుకుంది."

సిల్వీ హార్యు. పదిహేడేళ్ల బండి.
మూడు వరసల సీట్లు, రెండు లక్షల మైళ్లు,
వెనకద్దం మీద గీకినా ఊడని హాకీ స్టిక్కరు.
కూతురు ఆనికాకి తొమ్మిదేళ్లుంటాయి.
చేతి తొడుగులైనా తీయకుండా
నా గ్యారేజీ హీటరు ముందు
బోర్లించిన బకెట్టు మీద కూర్చుంది.

మా నాన్న బాగుచేసిన బళ్లలో ఒక ఉక్కు తీగ ఉండేది,
పాదానికీ ఇంజనుకీ మధ్య.
తొక్కితే లాగేది.
తెగితే, తెగిందని పాదానికి ఆ క్షణమే తెలిసేది.
ఇందులో పాదం లాగదు, అర్జీ పెట్టుకుంటుంది.
కంప్యూటర్ చదువుతుంది, అటూ ఇటూ చూస్తుంది,
సరేననుకుంటే ఒక బుల్లి మోటారుతో
ఇంజను గొంతులో ఇత్తడి రేకు తలుపును
ఇంతో అంతో తెరిపిస్తుంది.

ఆ తలుపుకి ఇద్దరు కాపలావాళ్లు.
తెరుచుకునే కొద్దీ ఒకడి లెక్క పెరగాలి,
రెండోవాడి లెక్క తగ్గాలి,
ఎప్పుడు కలిపినా మొత్తం ఐదు వోల్టులే.
ఇద్దరి మాటా పొసగని రోజున
ఎవరిది అబద్ధమో కంప్యూటర్ విచారించదు.
ఇద్దర్నీ నమ్మడం మానేస్తుంది.
తలుపును దాని స్ప్రింగుకి వదిలేస్తుంది.
గోరంత సందు మిగులుతుంది.
ఆ సందులో దూరిన గాలితోనే
బండి కుంటుకుంటూ ఇల్లు చేరాలి.
చెడిపోవడం కాదమ్మా అది,
తనను తాను కాపాడుకోవడం,

అంటుండగా ఆమె ఫోను మోగింది.
బయటికి నడిచింది. తలుపు సరిగ్గా పడలేదు,
చలీ మాటలూ కలిసే లోపలికొచ్చాయి.
"శుక్రవారం నీ వంతు కాదు...
జడ్జి దగ్గర ఆ మాట నేననలేదు...
నువ్వే అన్నావ్."

కోకో కలపనా? అన్నాను పిల్లతో.
"పర్లేదు."
ఆట ఎలా సాగుతోంది?
"పర్లేదు."
వంతెన మీద భయమేసిందా?
ఈసారి కాస్త ఆలోచించింది.
"కాలువ మంచు మీద నక్క కనబడింది.
మాకంటే ముందే అవతలి ఒడ్డు చేరింది."

నేను బోల్టులు విప్పుతున్నాను.
ఉప్పు తిని తుప్పు పట్టిన నాలుగు బోల్టులు,
మూడు తేలిగ్గానే వచ్చాయి,
నాలుగోది మొరాయించింది.
దాన్ని నేను తిట్టిన తిట్టు ఇక్కడ రాయను.
పిల్ల నవ్విందనుకుంటా, చూడలేదు.

"తప్పెవరిది?"
ఏ తప్పు?
"ఆ కాపలావాళ్లలో."

పానా పక్కన పెట్టాను.
చాలాసార్లు ఎవరిదీ కాదు, అన్నాను.
మధ్యలో ప్లగ్గుంటుంది చూడు,
రోడ్ల మీద చల్లే ఉప్పు అందులోకి దిగుతుంది.
ఒకడు చెప్పింది సగమే చేరుతుంది.

నిజమే చెప్పాను.
అయినా చెప్పాక
అబద్ధమాడినట్టే అనిపించింది.

"మరి తలుపుకేమైంది?"
మసి పట్టింది, తుడిస్తే పోతుంది.
గుడ్డ అందించాను.
అప్పుడు తీసింది తొడుగు, ఒక్క చేతిదే.
గట్టిగా నెట్టకు, లోపల పళ్లు విరుగుతాయి, అన్నాను.
"తెలుసు," అంది,
ఎలా తెలుసో నేనడగలేదు.
అంచు చుట్టూ వేలు తిప్పుతూ
ఇత్తడి మెరిసేదాకా తుడిచింది.

సిల్వీ లోపలికొచ్చేసరికి ముక్కు ఎర్రబడి ఉంది, చలికే అనుకుందాం.
కొత్తది వేయిస్తే నాలుగొందల డాలర్లన్నాను.
ఇప్పుడు కాదంది.
సరే, ప్లగ్గు శుభ్రం చేశాను,
వచ్చే చలికాలం మళ్లీ రావచ్చు, చెప్పలేను.

ఇక ఇంజను వేయకుండా తాళం మాత్రం తిప్పండి.
పది నిమిషాలు పెడల్ ముట్టుకోకండి.
తన సున్నా ఎక్కడుందో అది వెతుక్కుంటుంది.

సిల్వీ రెండు కాళ్లూ సీటు మీదికి ముడుచుకుంది,
చిన్నపిల్లలా.
మూడో వరసలోంచి ఆనికా
నోట్లోనే అంకెలు లెక్కపెడుతోంది.
ఆమె ఫోను డాష్‌బోర్డు మీద
ఒకసారి వెలిగింది, మళ్లీ వెలిగింది.
ఎవరమూ కదల్లేదు.
నా బల్ల మీద తడి తొడుగొకటి,
ఇంకా వేళ్లున్నట్టే ఉబ్బి ఉంది.