పాలచుక్క

హన్మకొండ ల్యాబు కిటికీలకు నల్లగుడ్డ కట్టి
రెండు లేజరు కిరణాల్ని నీళ్లలో కలిపాను.
కలిసినచోట వెలుగు చార, చీకటి చార –
వెంట్రుక మందంలో ఇరవై.
తెర మీద ఏమీ లేదు.
మూడుసార్లు వడగట్టిన నీళ్లు
పోతున్నాయో నిలిచాయో చెప్పవు.

"గంత తేట నీళ్లు ఏం జెప్తయ్ బిడ్డా?"
అటెండరు ఓదెలు, ఒకప్పుడు కాకతీయ కాలువ మీద లష్కరు.
"మేం మోదుగాకు ఇడిశి ఎంబడి నడుస్తుంటిమి."
చాయకు తెచ్చుకున్న పాలల్లోంచి
ఒక్క చుక్క వదిలాడు.

ప్రతి రేణువూ చారచారకీ మెరిసింది, ఆరింది, మెరిసింది.
ఆ మినుకులు లెక్కపెట్టడంలో యంత్రం ఉండగా
గాజుగొట్టం పక్కన, పాలతీగ వెంట,
పెదవులు కదుపుతూ ఓదెలు నడిచాడు.
"సెకనుకు మూరెడు. జరంత తక్కువ."

తెర మీద అంకె ఆ తర్వాత పడింది:
నలభై రెండు సెంటీమీటర్లు.