ముల్లు

హరిపురం గేటు దగ్గర గూడ్సు కోసం ఆగినప్పుడే
ముల్లు సగం గీత దాటింది.
వెనక సీట్లో లోలాక్షమ్మ
మే నెల ఎండలో రగ్గు కప్పుకుని వణుకుతోంది.
నాలుగు గంటలు రక్తం బయట తిరిగి వచ్చిన మనిషి.
వారానికి మూడు మాట్లు, పలాసకి, నా బండిలోనే.
"ఒరే ఉమాపతీ, యేడిగాలి రాదేటిరా దీన్లోంచి?"
వస్తాదమ్మా అన్నాను.
నాబు ఎర్ర గీతకి తిప్పాను.
సల్లగాలే కొట్టింది.

బానెట్ కింద కుతకుత.
లోపల చలి.
మధ్యలో జానెడు రేకు.
అక్కడ పొంగుతున్నది ఇక్కడికి రాదు.

మర్నాడు ఢిల్లేసు షెడ్డుకి తోలాను.
మూత మీద చెయ్యి వెయ్యబోతే చేతి మీదే కొట్టాడు.
"మరుగుతున్నదాని మూత తీస్తే మొహం మిగల్దు. ఆగు."
ముప్పావుగంట ఆగాం.
పై గొట్టం పట్టుకున్నాడు, కాలింది.
కింది గొట్టం పట్టుకున్నాడు, కుండనీళ్ళంత చల్లన.
"ఈ మధ్యలోనే ఎక్కడో అడ్డం పడింది" అని
వేళ్ళతో తడుముకుంటూ పోయాడు,
వార్డులో సిస్టరమ్మ నరం వెతికినట్టు.

థర్మోస్టాట్ ఊడదీసి దారం కట్టి
పక్క టీకొట్టులో మరిగే నీళ్ళలో వేలాడేశాడు.
"ఓలబ్బో, నా గిన్నెలో ఇనపముక్కేట్రా!" అని
కొట్టు గౌరమ్మ అరిచింది గానీ
తనూ వంగి చూసింది.
నీళ్ళు తెర్లుతున్నాయి.
ఆ ముక్క కన్ను తెరవలేదు.
"సచ్చింది" అంది గౌరమ్మ, మాకంటే ముందు.

రేడియేటర్ బోర్లిస్తే
సున్నం రాలింది, తెల్లటి పెచ్చులు.
"ఏ నీళ్ళు పోశావురా?"
మా బోరువే.
"ఏ బోరు?"
మేం తాగేదే.
ఆ మాటయ్యాక ఇద్దరం కాసేపు పెచ్చుల్నే చూశాం.
ఆ జబ్బు నీళ్ళ వల్లేనని ఎవరూ తేల్చలేదు.
కాదనీ తేల్చలేదు.

హీటరు గొట్టాలు ఎప్పుడో ఎవడో కోసేసి
రెండు కొసలూ ఒకదాన్లో ఒకటి దూర్చేశాడు.
ఈ ఎండల్లో హీటరెందుకనుకున్నాడు కాబోలు.
కలిపెయ్ అన్నాను.
"ఉద్దానంలోనా? వైశాఖంలోనా?" పళ్ళన్నీ బయటపెట్టాడు.
ఎవరికో చెప్పాను.
పళ్ళు లోపలికెళ్ళాయి.
గొట్టానికి డబ్బులు తీసుకున్నాడు,
క్లిప్పులు లెక్కలో వెయ్యలేదు.

మెట్టు మీదికి ముక్కు పైకి పెట్టించి
పచ్చనీళ్ళు పోస్తూ గొట్టాలు పిసికాడు.
లోపలి గాలి బుడగలు బుడగలుగా వచ్చింది,
బిడ్డ త్రేన్చినట్టు. ఇంకోటి. ఇంకోటి.
"రేడియేటర్ సగమే కడిగింది, ముసల్ది.
ముల్లు లేస్తే ఏసీ కట్టేసి హీటర్ పెట్టు.
దాని వేడి కొంత నువ్వు తీసుకుంటే
అది బతుకుద్ది."

గురువారం.
హరిపురం సంత, మేకలు, ఆటోలు, ఇంచి కదలని రోడ్డు.
ముల్లు తల ఎత్తింది.
నాబు తిప్పాను.
ఈసారి వచ్చింది,
రబ్బరు కంపుతో, ఏళ్ళ దుమ్ముతో,
ఇంజను కడుపులోంచి తిన్నగా.
అద్దాలు దించలేదు.
చొక్కా వీపుకి అతుక్కుంది, కనుబొమ్మల మీంచి ఉప్పు కళ్ళలోకి దిగింది.
బయట ఐస్ పుల్లలవాడు నన్ను పిచ్చోణ్ణి చూసినట్టు చూశాడు.
ముల్లు ఒక గీత దిగింది.
అద్దంలో చూస్తే
లోలాక్షమ్మ రగ్గు భుజం మీంచి జారి ఉంది.

నిద్రపోయిందనుకున్నాను.
"ఉమాపతీ, బండికి పాత నీళ్ళు తీసేసి
కొత్తవి ఎక్కించాడా ఆ ఢిల్లేసు?"
అవునమ్మా.
"మళ్ళీ ఎప్పుడు రమ్మన్నాడు?"
రెండేళ్ళకి.

"రెండేళ్ళకే!"
జీడితోటలు దాటేదాకా
పడీ పడీ నవ్వుతూనే ఉంది ముసల్ది.