వెదురుబద్ద

మామునూరు క్లినిక్ బల్ల మీద
కాలు విరిగిన మేకపిల్ల.
ఎక్స్‌రే, ప్లేటు, స్క్రూలు, మూడు వారాల వార్డు
గడగడా అప్పజెప్పిన.

సుగుణాకర్ సార్ దేన్నీ తప్పనలే.
"మంచిగ చదివినవ్. మరి ఈమెను అడిగినవా?"

బల్లకు అవతల కేలి.
గూడూరు దిక్కు తండా,
మూడు మేకలు, ఒక మనవడు,
నాలుగున్నరకు ఆఖరి బస్సు.
కేసు షీట్ల వీటికి గడులు లేవు.

"ఈమె అప్పుల పడకుంట
ఇది నడవాలె. ఎట్ల?"
నేను నోరు తెరిచేలోపే
కేలి తన గంప అంచు విరిచింది.

దూది చుట్టి, బద్దలు పేర్చి కట్టినం.
సార్ వేలు దూర్చి బిగువు చూసిండు.
"కట్టు అగ్గువదని పని అగ్గువ చేస్తే ఊకోను."
మళ్ల విప్పించిండు.

డెక్క చల్లబడితే, వాస్తే ఏం చెయ్యాల్నో
కేలికి నాతోనే చెప్పించిండు, రెండుసార్లు.
మొదటిసారి నా తెలుగు నాకే సమజ్ కాలే.

కాలు జర వంకరగ అతికింది.
మనవడు వీడియో పంపిండు:
మేక బీరపాదు మేస్తాంది,
కేలి తిట్టుకుంట ఉరుకుతాంది,
ముందు మేకే ఉంది.

పరీక్షల అడిగిండ్రు: ఉత్తమ చికిత్స వ్రాయుము.
జవాబుకు ముందు
పెన్సిల్‌తో మార్జిన్‌ల రాసుకున్న:
బస్సు ఎన్నింటికి?